తాబేలు సాక్ష్యం

(స్మారకోపన్యాసం – ముద్రిత పాఠం)



మెప్పు కోసం మనిషి పడే ఆరాటం గురించి మాట్లాడమన్నారు. తీరా మాట్లాడబోయే ముందు నిర్వాహకులు నన్ను నిలబెట్టి, నాలో ఉన్నాయని నాకే తెలియని సుగుణాలు ఏకరువు పెట్టి, శాలువా కప్పారు. ఇక ఈ విషయం మీద నిష్పక్షపాతంగా మాట్లాడే అర్హత నాకు ఎక్కడిది? పరిచయం చేసిన మిత్రుడు నా పుస్తకాల్లో ఒకదాన్ని మరిచిపోయినప్పుడు లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకున్న మాట కూడా నిజం. వినేటప్పుడు ఈ సంగతి కాస్త మనసులో ఉంచుకోండి.

ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ మాస్టారు మెప్పు అక్కర్లేదనే మనిషి కాదు. పద్యం చదివి, అర్థం చెప్పి, ఆగి తరగతి వైపు చూసేవారు. పిల్లలు తలలు ఊపాలి. ఊపేదాకా తరువాతి పద్యానికి వెళ్లేవారు కాదు. అయితే మరీ గట్టిగా ఊపినవాణ్ణి లేపి, ‘ఏం నచ్చిందిరా?’ అని అడిగేవారు. వాడు నీళ్లు నమిలితే ఆ మెప్పు ఆయన లెక్కలో జమ అయ్యేది కాదు. పొగడ్తకు కూడా పరీక్ష పెట్టిన మనుషుల్ని ఆయన్ని తప్ప నేను ఎక్కువమందిని చూడలేదు.

భారతం కర్ణపర్వంలో ఒక ఘట్టం ఉంది. కర్ణుడి బాణాలకు నొచ్చి ధర్మరాజు శిబిరానికి చేరుకుంటాడు. ఆయన్ని చూడడానికి కృష్ణార్జునులు వస్తారు. కర్ణుణ్ణి చంపే వచ్చారనుకుని ధర్మరాజు తమ్ముణ్ణి ఆకాశానికి ఎత్తేస్తాడు. ఇంకా చంపలేదని తెలియగానే అదే నోటితో తిట్టి, నీ గాండీవం ఇంకెవరికైనా ఇచ్చెయ్యి అంటాడు. ఆ మాట అన్నవాడి తల తీస్తానని అర్జునుడికి ఎప్పటినుంచో ఒక వ్రతం ఉంది. కత్తి దూస్తాడు. కృష్ణుడు అడ్డుపడి, పెద్దవాణ్ణి నువ్వు అని పిలిచి అవమానించడం చంపడంతో సమానం, అంతటితో నీ వ్రతం చెల్లుతుంది అంటాడు. అర్జునుడు అన్నగారిని అనవలసినవీ అనకూడనివీ అనేసి, సిగ్గుతో ఈసారి తన తలే నరుక్కోబోతాడు. కృష్ణుడి దగ్గర దానికీ ఉపాయం ఉంది. నిన్ను నువ్వే పొగుడుకో, అది ఆత్మహత్యతో సమానం అంటాడు. వెంటనే అర్జునుడు, శివుడు తప్ప నాకు సాటి వచ్చే విలుకాడు లేడని మొదలుపెడతాడు. ఆ ఆత్మహత్య ఆయన కొంచెం ఉత్సాహంగానే చేసుకున్నాడని నాకు అనుమానం.

యయాతి కథ ఇంకా కఠినం. స్వర్గంలో ఇంద్రుడు, తపస్సులో నీకు సాటి ఎవరు అని అడిగాడు. దేవతల్లో గాని మనుషుల్లో గాని ఎవరూ కనబడరన్నాడు యయాతి. ఆ ఒక్క మాటతో పుణ్యం కరిగి కిందపడ్డాడు. పాపం, అడిగితేనే చెప్పాడు!

సొంత నోటితో చెప్పుకుంటే చావు, కాకపోతే పతనం. చెప్పుకోకపోతే పక్కింటివాడికి కూడా తెలియదు. ఈ రెంటి మధ్య ఇరుక్కున్న మనిషి ఇంకొకరి నోరు వెతుక్కోక ఏం చేస్తాడు? వందిమాగధులు, భట్టులు, ఆస్థాన కవులు అలా పుట్టుకొచ్చినవాళ్లే. మన ప్రబంధాల అవతారిక తీసి చూడండి. దేవుళ్ల స్తుతి, పూర్వకవుల స్తుతి, కుకవుల నింద అయ్యాక రాజు కొలువుదీరి ఉంటాడు. కవిని పిలిపించి, నువ్వింతటివాడివి, అంతటివాడివి, నాకొక కావ్యం అంకితమియ్యి అంటాడు. కవి సరేనని ఆ రాజు వంశాన్ని వర్ణించి, షష్ఠ్యంతాలు చెప్పి, కథలోకి దిగుతాడు. ‘మనుచరిత్ర’లో పెద్దనను కృష్ణదేవరాయలు మెచ్చుకునే మాటలు ఎవరు రాశారు? పెద్దనే. రాజు నోట కవి పొగడ్త, కవి నోట రాజు పొగడ్త, రెండూ ఒకే గంటం రాసింది.

రాయలు తానే కావ్యం రాయడానికి కూర్చున్నప్పుడు చిక్కు వచ్చింది. తనను మెచ్చుకోగల పైవాడు భూమ్మీద లేడు. అందుకని ‘ఆముక్తమాల్యద’ అవతారికలో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువు కలలో కనిపిస్తాడు. కళింగ దండయాత్రకు వెళ్తూ కృష్ణా తీరాన శ్రీకాకుళంలో ఆగినప్పటి కల అది. దేవుడు ఊరికే తెలుగులో కావ్యం చెప్పమని పోడు. రాయలు అంతకు ముందు సంస్కృతంలో రాసిన పుస్తకాలను పేరుపేరునా చెప్పి మరీ మెచ్చుకుంటాడు. తన పుస్తకాల జాబితాను దేవుడి చేత చదివించుకున్న రచయిత మన భాషలో ఇంకొకరు ఉన్నారని నేననుకోను. ఇక వంశవర్ణన పద్యాలు చాలామటుకు ‘మనుచరిత్ర’లోవే. అవి చూసే కదా అసలు ఈ కావ్యం రాసింది రాయలా, పెద్దనా అని పండితులు దశాబ్దాలపాటు కొట్టుకున్నది!

ఇదంతా చూసి నవ్వేయడం తేలిక. నేను నవ్వను. ఆ కాలం వాళ్లకు మెప్పు కావాలన్న కోరికను మర్యాదగా బయటపెట్టుకునే పద్ధతి ఒకటి ఉండేది, అంతే. మన సంగతి? సన్మానపత్రం ముసాయిదా సన్మానితుడి దగ్గరి నుంచే వస్తుందని సభలు జరిపించేవాళ్లందరికీ తెలుసు. పుస్తకం వెనక అట్ట మీద రచయిత పరిచయం ప్రథమ పురుషలో ఉంటుంది, రాసింది మాత్రం ఉత్తమ పురుషుడే. రాయలకు కనీసం దేవుడైనా కలలోకి వచ్చాడు.

ఇక్కడ ఒక స్కాట్లండ్ పెద్దమనిషిని సభలోకి పిలవాలి. ఆడం స్మిత్ అనగానే ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ గుర్తొస్తుంది. ఆయన అంతకు ముందే, 1759లో, ‘ద థియరీ ఆఫ్ మోరల్ సెంటిమెంట్స్’ అని ఇంకొక పుస్తకం రాశాడు. చనిపోయిన సంవత్సరం 1790 వరకూ దాన్ని దిద్దుతూనే ఉన్నాడు. మనిషికి పొగిడించుకోవాలన్న కోరికతో పాటు పొగడ్తకు తగినవాడుగా ఉండాలన్న కోరిక కూడా ఉంటుందని, రెండోది మొదటిదానికి నీడ కాదని ఆయన వాదన. అర్హత లేదని మనకే తెలిసిన పొగడ్త చెవికి ఇంపుగా ఉన్నా కడుపు నింపదు. ఇంతవరకు మనమూ ఒప్పుకుంటాం. ఆ తరువాత ఆయనొక చిత్రమైన పోలిక తెస్తాడు, గణితవేత్తలకూ కవులకూ. గణితం చేసేవాడికి తన ఫలితం సరైనదని తనకే తెలుసు, కాబట్టి లోకం పట్టించుకోకపోయినా నిశ్చింతగా ఉంటాడు. కవికి ఆ రూఢి ఎప్పటికీ రాదు. పద్యం బాగుందో లేదో ఇంకొకరు చెబితే తప్ప తెలియదు. అందుకే కవులు ముఠాలు కడతారు, చిన్న విమర్శకు కుమిలిపోతారు. స్మిత్ ఇక్కడ ఫ్రెంచి నాటకకర్త రసీన్‌ను చూపిస్తాడు. 1677లో ‘ఫేద్ర్’ ఆడినప్పుడు ప్రత్యర్థులు అదే కథతో ఇంకొకరి నాటకాన్ని పోటీగా నిలబెట్టారు. ఆ తరువాత రసీన్ పన్నెండేళ్లు నాటకం ముట్టలేదు. ఆ పరాభవమే కారణమంటాడు స్మిత్.

పద్యం రాసిన ప్రతివాడికీ ఇది నిజమని తెలుసు. ఎంత అనుమానం ఉంటే అంత ఆకలి. కానీ గణితవేత్తల విషయంలో స్మిత్‌తో నాకు పేచీ ఉంది. నిశ్చింతకు ఉదాహరణగా ఆయన న్యూటన్‌ను చెబుతాడు. న్యూటన్ నిశ్చింతగా ఉన్నాడా? కలన గణితం ముందు కనిపెట్టింది తానా, లైబ్నిట్జా అన్న తగాదా తేల్చడానికి 1712లో రాయల్ సొసైటీ ఒక కమిటీ వేసింది. సొసైటీకి అధ్యక్షుడు న్యూటన్. కమిటీ నివేదికను చాలావరకు రాసింది న్యూటన్. అది అచ్చయ్యాక, పేరు లేకుండా దాని మీద సమీక్ష రాసినదీ న్యూటనే. మన ప్రబంధ కవుల అవతారికలు ఇంతకన్నా నిజాయితీగా లేవూ?

లెక్క సరైనదా కాదా అన్నదానికి న్యూటన్‌కు ఎవరి మెప్పూ అక్కర్లేకపోయింది. లెక్క ఎవరిది అన్న దగ్గర మాత్రం ఆగలేకపోయాడు. అంటే మనిషికి రెండు ఆకళ్లున్నాయి. చేసింది బాగుందని వినాలి. చేసింది నేనేనని పదిమందికీ తెలియాలి. స్మిత్ చూసింది మొదటిదాన్ని. రెండోది ఎంత తెలివైనవాణ్ణైనా వదలదు.

శ్రీనాథుణ్ణి తీసుకోండి. విజయనగరంలో గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, అతని కంచు ఢక్కను పగలగొట్టించి, ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం అందుకున్నాడు. ఇంతకు మించిన సన్మానం తెలుగు కవికి దక్కలేదు. ముసలితనంలో బొడ్డుపల్లి గుత్తకు పట్టి, పంటలు ఏటిపాలై, శిస్తు కట్టలేక వీధిలో శిక్ష అనుభవించాడని చాటువులు చెబుతాయి. ఆయన చెప్పిందంటున్న ఒక సీసపద్యం ఉంది. తనను పోషించినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారని, ఇక పట్టుబట్టలు ఎవరిస్తారు, కస్తూరి ఎవరిని అడగాలి, బంగారు పళ్లెంలో భోజనం ఎవరి పంక్తిలో అని దానిలో వాపోతాడు. భోగలాలస అని కొందరు దాన్ని తీసిపారేశారు. నాకు అలా కనిపించదు. ప్రతి వస్తువు పక్కనా ఒక మనిషి పేరుంది. వీరారెడ్డి ఉన్నాడు, తెలుంగురాయడు ఉన్నాడు. కస్తూరి బజారులోనూ దొరుకుతుంది. తన పద్యం విని విలువ కట్టి, ఇంత కస్తూరి ఇవ్వాలని తెలిసిన మనిషి దొరకడు. అలాంటివాళ్లు చచ్చిపోయారన్నదే ఆ పద్యంలో ఏడుపు.

విలువ కట్టగలవాడు ఎదురుగా ఉండాలన్న ఈ పట్టుదలతోనే తెలుగువాళ్లు అవధానాన్ని పెంచి పోషించారని నా అభిప్రాయం. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిది మంది. సమస్య ఇచ్చేవారు ఒకరు, దత్తపది ఇచ్చేవారు ఒకరు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అవధాని పలకబోయే అక్షరాన్ని ముందే పసిగట్టి, అది కుదరదంటాడు. అలా పసిగట్టాలంటే ఛందస్సు, నిఘంటువు, ఆ పద్యం నడక, అవధాని బుర్ర, అన్నీ ఆయనకూ తెలిసి ఉండాలి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి ధ్యాస చెడగొడుతుంటాడు. చివర ధారణ. పద్యాలన్నీ ఒక్క అక్షరం జారకుండా అప్పజెప్పాలి. ఇంత అయ్యాక నిషిద్ధాక్షరి ఆయన కుర్చీలో వెనక్కి వాలి ‘భేష్’ అంటే ఆ ఒక్క మాటకు సభంతా కొట్టిన చప్పట్ల కన్నా బరువుంటుంది. మెచ్చుకునేవాడే పరీక్షించేవాడు కావడం ఈ ప్రక్రియ గొప్పతనం. ధారణ పాలు తగ్గి చమత్కారం పాలు పెరిగిన అవధానాలూ ఈమధ్య చూస్తున్నాం, అది వేరే సభలో వేరే గొడవ.

తిరుపతి వేంకట కవులు ఈ విద్యతో గద్వాల, ఆత్మకూరు, వెంకటగిరి సంస్థానాలు గెలిచారు. పండితులై ఉండి మీసాలు పెంచారని సణిగినవాళ్లకు పద్యంలోనే జవాబిచ్చారు: రెండు భాషల్లోనూ మేమే కవీంద్రులం, గెలిచినవాడు ఉంటే ఈ మీసం తీసి కాళ్లకు మొక్కుతాం అని. అర్జునుడి ఆత్మస్తుతికీ దీనికీ ఒక తేడా ఉంది. వీళ్లు ఆత్మస్తుతికి పందెం కట్టారు. రమ్మన్నారు, పరీక్షించమన్నారు, ఓడితే మీసం.

మీసం మెలేసిన ఈ జంటలో దివాకర్ల తిరుపతి శాస్త్రి 1920లో పోయారు. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి ఆ తరువాత ముప్ఫై ఏళ్లు బతికారు. తాను ఒంటరిగా రాసినవాటినీ జంట పేరు మీదే వెలువరించారు. న్యూటన్‌నూ ఈయన్నూ పక్కపక్కన నిలబెట్టి చూడండి. అంత కీర్తికాంక్ష ఉన్న మనిషి, మీసం మీద పద్యం చెప్పిన మనిషి, తన పద్యాల మీద సగం పేరు చనిపోయిన మిత్రుడికి ఎలా రాసిచ్చాడు? నేను చెప్పగలిగిన జవాబు ఒకటే. తన పద్యం ఎంతటిదో పూర్తిగా ఎరిగిన శ్రోత ఆ ఒక్కడే. ఆ శ్రోత పేరు తీసేస్తే ఆయనకు మిగిలే పేరు తక్కువదైపోతుంది. 1949లో మద్రాసు ప్రభుత్వం వేంకటశాస్త్రిని ఆస్థాన కవిని చేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు. మన ప్రభుత్వాల గుర్తింపు ఎప్పుడూ ఆఖరి బస్సుకే వస్తుంది.

ఇప్పటి సన్మానాల గురించి ఎక్కువ చెప్పను, మీరు చూస్తున్నవే. పృచ్ఛకులను పంపించేసి దండలు మాత్రం అట్టేపెట్టుకున్నాం. పుస్తకం చదవని మంత్రిగారు ఆవిష్కరిస్తారు, చదవని ముఖ్య అతిథి పొగుడుతారు, శాలువా కప్పించుకున్న రచయిత ఇంటికి వెళ్లి బీరువా తెరిచి చోటు వెతుకుతాడు. ఫోనులో వచ్చే బొటనవేళ్ల సంగతీ అంతే. వాటి సంఖ్య తెలుస్తుంది గాని, ఎవరికి ఏ వాక్యం నచ్చిందో తెలియదు. అందుకే ఎన్ని వచ్చినా ఇంకా కావాలనిపిస్తుంది. రోజూ వండిపెట్టే మనిషికి ‘కూర బాగుంది’ అన్న మాట కన్నా, ‘ఇవాళ ఇంగువ మార్చావా?’ అన్న ప్రశ్నే ఎందుకు ఎక్కువ సంతోషమిస్తుందో ఇళ్లలో అడిగి చూడండి.

అరణ్యపర్వంలో ఇంద్రద్యుమ్నుడి కథ ఉంది. యయాతి కథంత ప్రచారం దానికి లేదు, ఉండవలసింది. ఇంద్రద్యుమ్నుడు స్వర్గం నుంచి పడిపోయాడు. పొగుడుకున్నందుకు కాదు. భూమ్మీద అతని కీర్తి అంతరించినందుకు. ఎవరైనా తనను గుర్తుపడితే తిరిగి వెళ్లొచ్చు. చిరంజీవి అయిన మార్కండేయుడి దగ్గరికి వచ్చి, నేనెవరో తెలుసా అని అడిగాడు. తెలియదన్నాడు ముని. నా కన్నా పాతది హిమాలయం మీద ఒక గుడ్లగూబ ఉంది, అడుగుదాం అన్నాడు. రాజు గుర్రమై మునిని మోసుకెళ్లాడు. గుడ్లగూబ కాసేపు ఆలోచించి తెలియదంది. ఇంద్రద్యుమ్న సరస్సులో నాడీజంఘుడనే కొంగ ఉంది, నా కన్నా పెద్దది అంది. ముగ్గురూ వెళ్లారు. కొంగకూ తెలియదు.

కాస్త ఆగి చూడండి. ఆ కొంగ ఉంటున్నది ఇంద్రద్యుమ్న సరస్సులో! ఊరి పేరే ఆయన పేరు, ఆయనెవరో మాత్రం దానికి తెలియదు. గుంటూరు బ్రాడీపేటలో పుట్టి పెరిగినవాళ్లను బ్రాడీ ఎవరని అడిగితే ఏం చెబుతారు? పేరు పెట్టించుకోవడం కోసం శిలాఫలకాల దగ్గర తోసుకునే నాయకులందరికీ ఈ కొంగను ఒకసారి చూపించాలి.

అదే సరస్సులో అకూపారుడనే తాబేలు ఉంది. పిలిస్తే గట్టుకు వచ్చింది. రాజు పేరు వినగానే కళ్లనీళ్లు పెట్టుకుని వణికిపోయింది. ఈయన నాకెందుకు తెలియదు, ఈయన యజ్ఞాల్లో దక్షిణగా ఇచ్చిన ఆవుల గిట్టల తొక్కిడికే ఈ సరస్సు ఏర్పడింది, నేను ఉంటున్నది దానిలోనే అంది. ఆకాశం నుంచి రథం దిగింది. ఇంద్రద్యుమ్నుడు మునినీ గుడ్లగూబనూ ఎక్కడివాళ్లను అక్కడ దింపి మరీ వెళ్లాడు. ఆ మర్యాద కూడా నాకు నచ్చింది.

తాబేలు ఆయన్ని పొగడలేదు. బిరుదివ్వలేదు. ఏం చేశాడో చెప్పింది, ఆ చేసినదానిలో తాను బతుకుతున్నానంది. రాజు కూడా పొగడమని అడగలేదు, తెలుసా అని మాత్రం అడిగాడు. మెప్పు కోసం తిరిగే మనిషి అడుగుతున్నది చివరికి అదే ప్రశ్న అని నా నమ్మకం. పొగడ్త దానికి దొరికే చవక జవాబు.

ములుగు జిల్లా పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు గుడి కట్టించాడు. ఆయన కాకతి గణపతిదేవుడి సేనాని. కట్టించినట్టు శాసనం ఉంది. దేవుడు రుద్రేశ్వరుడు, అంటే దేవుడి పేరులోనూ ఆయన పేరే. అయినా జనం దాన్ని రామప్ప గుడి అంటారు. రామప్ప శిల్పి అని ఆ ప్రాంతం వాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు కాకతీయ రుద్రేశ్వరాలయం అని రాసి, రామప్పను కుండలీకరణాల్లో పెట్టారు. జనం నోట కుండలీకరణాలు లేవు. పక్కన చెరువు కూడా రామప్ప చెరువే, దాని కింద ఇప్పటికీ పొలాలు పండుతున్నాయి. శాసనం చెక్కించుకున్నవాడి కన్నా, ఆ నల్లరాతి మదనికల నడుము వంపు చూసినవాళ్లకు చెక్కినవాడు ఎక్కువ తెలుసు.

అందరికీ రామప్ప అదృష్టం ఉండదు. మన పుస్తకాల సంగతే చూడండి. ముద్రాపకుడి పేరు తప్పక వేయాలని 1867 నాటి ప్రెస్ చట్టం చెప్పింది. గౌరవంతో కాదు, రాజద్రోహం కనిపిస్తే ఎవరిని పట్టుకోవాలో తెలియాలి కనుక. కంపోజిటరు పేరు, ప్రూఫులు దిద్దినవారి పేరు వేయమని ఏ చట్టమూ అడగలేదు. ఇన్నేళ్ల తెలుగు అచ్చులో అరసున్నలూ బండిరాలూ సరిచూసిన ఆ మనుషులకు శాలువా అక్కర్లేదు. ఈ ఉపన్యాసాన్ని అచ్చు వేసేటప్పుడు కనీసం వారి పేరు వెనక పేజీలో వేయండి.

ఈ సభ జరిపించే ట్రస్టువారికి ఇంకొక విన్నపం ఉంది. వచ్చే ఏడాది శాలువాకయ్యే డబ్బుతో వక్త రాసిన పుస్తకం ప్రతులు నాలుగు కొని, సభకు నెల ముందు నలుగురికి ఇవ్వండి. ఆ నలుగురిలో ఒకరైనా వక్తకు స్నేహితులు కాకూడదు. వాళ్లు వేదిక మీద ఎదురుగా కూర్చుని అడగాలి. నచ్చకపోతే ఏ పేజీలో నచ్చలేదో చెప్పాలి. ఒప్పుకునే వక్తలు దొరకడం కష్టమే. దొరికినప్పుడే సభ పెట్టండి, ఒక ఏడాది ఖాళీ పోయినా మాస్టారు ఏమీ అనుకోరు.

వందన సమర్పణకు ముందు కొంత సమయం ఉందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. న్యూటన్ గురించి నేనన్నది ఒప్పుకోని లెక్కల మాస్టార్లు ఎవరైనా ఉంటే, వారితోనే మొదలుపెడదాం.